ఎడమవైపు వెనక తలుపు

మూడేళ్ళు ఉంటుందట సిరామిక్ కోటింగు, మూడేళ్ళకి నాకు అరవై నిండుతాయి, అప్పటికి ఈ కారు నేను నడుపుతూ ఉంటానా, స్టీరింగ్ ముట్టుకోక అప్పుడే మూడు నెలలయింది, నడపని కారుకి మెరుపెందుకు ఇందిరా అని పొద్దున బందరులో బయల్దేరేటప్పుడు కూడా ఈయన అన్నారు, అయినా నేనే పట్టుబట్టాను, ఇవాళ రెండో శనివారం, బడి లేదు, గుడివాడలో మంచి షాపు ఉందట పదండి అన్నాను, గేటు స్తంభానికి కారు గీకించింది నేను కదా, గీకించిన సంగతి కూడా తెలియకుండా లోపల పెట్టేసి, కాళ్ళు కడుక్కుని, అన్నం తిని పడుకున్నదాన్ని నేను కదా, కనీసం మిగిలిన రంగునైనా కాపాడాలి, ఎదురుగా షాపు యజమాని దుర్గాశ్రీనివాస్ చొక్కా చేతులు మడిచి ఓపిగ్గా చెబుతున్నాడు, మేడమ్, మైనం పాలిష్ అయితే రెండు నెలలు, మీ బందరు గాలికి అంత కూడా ఆగదు, మాది కోడూరు దగ్గరండీ, మా నాన్నది చేపల పడవ, ఉప్పుగాలి ఇనుముని ఏం చేస్తుందో నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు, సిరామిక్ అయితే గాజులాంటి గట్టి పొర, నీళ్ళు నిలవకుండా జారిపోతాయి, మెరుపంటే అదే మెరుపు, కాకపోతే రాయి వచ్చి తగిలితే ఆపలేదు, రాళ్ళదెబ్బ కూడా ఆగాలంటే పీపీఎఫ్, సెల్‌ఫోనుకి అద్దం మీద అతికిస్తారు చూడండి, అలాంటి పొరే కారంతా అతికిస్తాం, ఏళ్ళ తరబడి ఉంటుంది, ఖర్చూ ఎక్కువే, మీకు మెరుపు ముఖ్యమా, మన్నిక ముఖ్యమా, అని అడిగాడు, లెక్కల టీచర్ని, ముప్ఫై ఏళ్ళు పిల్లల చేత లెక్కలు చేయించాను, ఈ చిన్న ప్రశ్నకి ఈయన కోసం గుమ్మం వైపు చూశాను, ఈయన ఉంటే టకీమని చెప్పేసేవారు, ఈయన నన్నూ కారునీ ఇక్కడ దింపి స్టేషను దగ్గర ఉండే స్నేహితుడు ఆదినారాయణ గారింటికి నడిచి వెళ్ళారు, నువ్వేది చెబితే అదేలే అన్నారు, వెళ్తూ వెళ్తూ మళ్ళీ వెనక్కి వచ్చి, పైపైన పాలిష్ చాలు ఇందిరా, పెద్ద పనులు పెట్టుకోకు అని కూడా అన్నారు.

ఏ పనైనా ముందు రంగు మందం కొలవాలండీ అంటూ దుర్గాశ్రీనివాస్ అరచేతిలో పట్టే చిన్న మీటరు తీశాడు, కారు టాపు మీద ఆనించాడు, టిక్కుమంది, నూట ఎనిమిది, కంపెనీ రంగు, చక్కగా ఉంది, బానెట్టు నూట పన్నెండు, కుడివైపు తలుపులు రెండూ నూట పదిహేను, నా ముదురు నీలం కారు, షోరూములో తెల్లవి ఆరు నిలబెట్టి ఉంటే నేను వేలు పెట్టి చూపించి నాకిదే అన్న నీలం, ఎడమవైపు ముందు తలుపు నూట పది, వెనక తలుపు, టిక్కు, నాలుగు వందల ముప్ఫై, అతను మీటరు తీసి ప్యాంటుకి తుడిచి మళ్ళీ పెట్టాడు, నాలుగు వందల అరవై, కొంచెం వెనక్కి చక్రం పైన పెట్టాడు, ఐదు వందల ఇరవై, నా మొహంలోకి చూశాడు, ఈ తలుపుకి పని చేయించారా మేడమ్ అన్నాడు, అవునండీ, గేటు స్తంభానికి గీకించాను, నేనే, అన్నాను, నేనే అన్నమాట ఎంత తేలిగ్గా వచ్చిందో, మూడు నెలల్లో అంత అలవాటయింది, అతను మోకాళ్ళ మీద కూర్చుని తలుపు కింది అంచున వేలితో రాసి చూశాడు, గీత పడితే రంగు ఒక్కటే వేస్తారండీ, ఇక్కడ కింద మందంగా లప్పం ఉంది, సొట్ట పడిన చోట లప్పం పెట్టి చదును చేసి దానిమీద రంగు కొట్టారు, సొట్ట కూడా చిన్నది కాదు, ఇక్కణ్ణించి చక్రం దాకా పోయింది, గేటు స్తంభం ఇంత పని చెయ్యదండీ, పక్కనించి ఏదో పెద్ద బండి తగిలి ఉండాలి.

పెద్ద బండి ఏమిటి, నేను వచ్చింది ఘంటసాల నుంచి, నవంబరులో, హన్నా టీచరు వాళ్ళ చెల్లెలి గృహప్రవేశానికి వెళ్ళి, హన్నా నా పక్క సీట్లో కూర్చుని దారంతా పాటలు పాడింది, తర్వాత వారానికి కాకినాడలో మా శ్రీలక్ష్మికి రెండో కాన్పు, నేను బస్సెక్కి వెళ్ళి పంతొమ్మిది రోజులుండి వచ్చాను, వచ్చిన మర్నాడు పొద్దున ఎండలో కారు చూస్తే ఈ తలుపు రంగు తేడాగా కనిపించింది, నీలమే, కానీ లోపల మెరిసే రజను లేదు, ఏవండీ ఈ తలుపేమిటి ఇలా ఉంది అంటే ఈయన పేపరు మడిచి, ఘంటసాల వెళ్ళొచ్చినరోజు నువ్వు తగిలించావుగా, నీకు బాధ కలుగుతుందని చెప్పలేదు, నువ్వు లేనప్పుడు నేనే రంగు వేయించాను అన్నారు, నాకు తెలియలేదేమండీ అంటే, అదే నాకూ భయం వేసింది ఇందిరా, తెలియకపోవడమేమిటి అన్నారు, నేను గేటు దగ్గరికి వెళ్ళి చూశాను, స్తంభం మీద ఒక చోట సున్నం రాలి ఉంది, అది చూడగానే కిర్రుమన్న చప్పుడు గుర్తొచ్చింది, నిజంగా గుర్తొచ్చింది, రివర్సు గేరు వేసినప్పుడు ఎడమచెవికి సన్నగా వినిపించిన చప్పుడు, ఇప్పటికీ వినిపిస్తుంది, మరి ఇతనేమిటి పెద్ద బండి అంటాడు.

మేడమ్ ఇలా రండి అన్నాడు, కారు చుట్టూ తిప్పి ఒక్కొక్క అద్దం మూలన ఉన్న చిన్న గుర్తు చూపించాడు, అన్నిటి మీదా ఒకటే గుర్తు, ఎడమవైపు వెనక తలుపు అద్దం మీద వేరే గుర్తు, అద్దం కూడా మార్చారండీ, పాతది పగిలి ఉంటుంది, అని తలుపు తీసి అద్దం దిగే సందులో రబ్బరు కింద సన్నటి కత్తెర మొన పెట్టి కెలికాడు, కలకండ పలుకుల్లాంటివి రెండు బయటికొచ్చాయి, నా అరచేతిలో వేశాడు, పగిలిన అద్దం ముక్కలు, గీసుకుంటే అద్దం పగలదు కదండీ అన్నాడు, మళ్ళీ నేను ఏమైనా అనుకుంటానేమోనని, మీకు తెలియకుండా షోరూము వాళ్ళే ఇచ్చారేమో, అలా కూడా జరుగుతుంది మేడమ్ అన్నాడు, లేదు, షోరూము వాళ్ళు కాదు, కాకినాడ వెళ్ళే రోజు పొద్దున ఈయన నన్ను బస్టాండులో దింపారు, ఈ తలుపు తీసింది నేనే, ఆవకాయ సీసాల సంచీ వెనక సీట్లో పెట్టింది నేనే, సంచీ పడిపోతుందేమోనని దారంతా వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాను, సంచీ వెనక ఈ అద్దం, అద్దంలోంచి ఎండ, ఈ తలుపుకి గీత కూడా లేదు, ఘంటసాల వెళ్ళొచ్చి అప్పటికి వారం, వారం తర్వాత కూడా గీత లేదు, నేను కాకినాడలో ఉన్న పంతొమ్మిది రోజులూ కారు ఈయన దగ్గరే ఉంది, ఇంత చిన్న సంగతి మూడు నెలల్లో ఒక్కసారి నాకెందుకు తట్టలేదు, సంచీ గుర్తుంది, సీసాలు గుర్తున్నాయి, తలుపు తీసిన చెయ్యి గుర్తుంది, ఈ చేతినే నేను అడగలేదు.

ఫోను తీశాను, హన్నా టీచరు రెండో రింగుకే ఎత్తింది, అక్కా చెప్పండి అంది, ఘంటసాల వెళ్ళొచ్చిన రోజు నువ్వు మా ఇంటిదాకా వచ్చావు కదూ హన్నా, వచ్చాను కదక్కా, మీ గేటు తీసింది నేనే, కారు లోపలికి పెట్టేటప్పుడు నేను స్తంభానికి తగిలించానా అన్నాను, తగిలించడమా, రెండువైపులా ఇంతింత జాగా వదిలి దారం పెట్టి కొలిచినట్టు పెట్టారు, నేను చప్పట్లు కూడా కొట్టాను, మీరు నవ్వారు, ఏంటక్కా ఇప్పుడు అడుగుతున్నారు, ఏం లేదులే అని పెట్టేశాను, చప్పట్లు, అవును, గేటు పట్టుకుని నిలబడి చప్పట్లు కొట్టింది, పక్కింటి భ్రమరాంబ గారు కూడా గోడ మీంచి తొంగి చూశారు, అదంతా ఎక్కడికి పోయింది ఇన్నాళ్ళు, దాని చోట్లోకి ఆ కిర్రు ఎలా వచ్చి కూర్చుంది, లేని చప్పుడు, జరగని చప్పుడు, నాకు నేనే తయారుచేసుకుని ఎడమచెవిలో పెట్టుకున్న చప్పుడు, హన్నాని డిసెంబరులోనే ఒక్కమాట అడిగి ఉంటే అయిపోయేది, సిగ్గేసి అడగలేదు, యాభై ఏడేళ్ళకి మతిపోయిందని బళ్ళో తెలిస్తే ఏమనుకుంటారోనని అడగలేదు.

మతి, అదీ అసలు భయం, మా అమ్మ ఆఖరి రెండేళ్ళు నన్ను గుర్తుపట్టలేదు, ఎవరమ్మా నువ్వు, పెళ్ళయిందా అని నన్నే అడిగేది, ఆ తలుపు చూసిన మర్నాటి నుంచి అమ్మ నాలోకి వస్తోందనుకున్నాను, గ్యాసు కట్టానా లేదా అని నాలుగుసార్లు లేచి చూసుకోవడం, తాళం వేసి మళ్ళీ లాగి చూడడం, బ్లాకుబోర్డు మీద లెక్క రాసి పిల్లల మొహాలు చూడడం, తప్పేమోనని, కారు తాళం చెవి నేనే తెచ్చి ఈయన చేతిలో పెట్టాను, ఇక మీరే నడపండి అన్నాను, తీసుకున్నారు, రోజూ ఆటోలో బడికి వెళ్తుంటే వీధి చివరిదాకా వచ్చి జాగ్రత్తగా ఎక్కించారు, జనవరిలో రోజూ ఏడుస్తుంటే విజయవాడ తీసుకెళ్ళారు, మెదడు డాక్టరు దగ్గరికి, ఆ గదిలో నా పక్క కుర్చీలో నా హ్యాండుబ్యాగు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు, డాక్టరు గారు వంద లోంచి ఏడు తీసెయ్యండమ్మా, అందులోంచి మళ్ళీ ఏడు, అలా చెప్పుకుంటూ రండి అన్నారు, లెక్కల టీచర్ని, తొంభై మూడు, ఎనభై ఆరు, డెబ్భై తొమ్మిది, డెబ్భై రెండు, అరవై ఐదా, అరవై ఐదో అరవై నాలుగో తెలియక ఆగాను, కన్నీళ్ళొచ్చాయి, పక్కన ఈయన ఉన్నారు, తెలిసి ఉన్నారు, ఆ క్షణంలో ఆ గదిలో నా తలకి ఏమీ కాలేదని తెలిసిన మనిషి ఆయన ఒక్కరే, డాక్టరుకి కూడా ఇంకా తెలియదు, ఒక్కమాట, ఇందిరా, కారు గుద్దింది నేనే అన్న ఒక్కమాట నాలుక మీదే ఉండి ఉంటుంది, హ్యాండుబ్యాగు జిప్పు తీస్తూ వేస్తూ కూర్చున్నారు, ఆ జిప్పు చప్పుడు మాత్రం నిజంగా విన్నాను.

స్కూటరు వచ్చి ఆగింది, ఆదినారాయణ గారు నడుపుతున్నారు, వెనక ఈయన, సంక్రాంతి వెళ్ళాక మా ఇంట్లో భోజనానికి వచ్చి నా చేతి పులిహోర రెండుసార్లు వేయించుకుని, చెల్లెమ్మా ఇక స్టీరింగు మాకొదిలెయ్ అని పెద్దగా నవ్విన మనిషి, అందరూ నవ్వారు, నేనూ నవ్వాను, ఏమ్మా చెల్లెమ్మా అయిపోయిందా మేకప్పు అంటూ దిగారు, ఈయన చూపు నా మీద కాదు, దుర్గాశ్రీనివాస్ చేతిలో ఉన్న మీటరు మీద పడింది, అక్కడే తెలిసిపోయింది నాకు, అయినా ముప్ఫై ఏళ్ళు పిల్లల్ని అడిగిన మనిషిని, చేశావా అని అడిగితే లేదంటారు, ఎలా చేశావు అని అడిగితే చెప్పేస్తారు, అన్నయ్యగారూ, కారు ఏ ఊరి దగ్గర గుద్దారు అన్నాను, కోడూరు దాటాకమ్మా, హంసలదీవి వెళ్ళొస్తుంటే వడ్ల ట్రాక్టరు అడ్డంగా, అని ఆయన అంటూ అంటూ ఈయన మొహం చూసి ఆగిపోయారు, ఎవరికైనా దెబ్బ తగిలిందా అన్నాను, లేదమ్మా, ఎవరికీ ఏమీ కాలేదు, అద్దమే పగిలింది, మీరు కార్లోనే ఉన్నారా, ఉన్నానమ్మా అని తల దించుకున్నారు, కార్లో ఉండి, అద్దం పగలడం చూసి, రెండు నెలలకి మా ఇంటికి వచ్చి పులిహోర తింటూ స్టీరింగు మాకొదిలెయ్ అన్నారు.

ఇందిరా, అదంతా ఇక్కడెందుకు, ఇంటికి వెళ్ళి మాట్లాడుకుందాం అన్నారు ఈయన, ఇక్కడే చెప్పండి అన్నాను, నా గొంతు నాకే కొత్తగా ఉంది, దుర్గాశ్రీనివాస్ లోపలికి వెళ్ళిపోయాడు, మర్యాదస్తుడు, ఈయన కారు టాపు మీద చెయ్యి వేసి, చెబ్దామనే అనుకున్నాను, ఎనిమిది నెలలు నువ్వు చిన్న గీత పడకుండా తిప్పావు, నీకు డ్రైవింగేమిటని నవ్వినవాణ్ణి నేను, నువ్వు లేనప్పుడు ఒక్కరోజు తీసి గుద్ది తెచ్చాను, నీ మొహం ఎలా చూడను, ఆ పొద్దున నువ్వు అడిగేసరికి నోటికి ఏదొస్తే అది అనేశాను, అసలు గేటు అని నేననలేదు ఇందిరా, తగిలించావుగా అన్నానంతే, గేటు స్తంభమే అయి ఉంటుందన్నది నువ్వు, సున్నం రాలిన చోటు చూపించింది నువ్వు, చప్పుడు కూడా విన్నానన్నావు, నువ్వే అంత గట్టిగా చెబుతుంటే నేనింకెలా కాదనను, అన్నారు, నిజమే, గేటని ఆయన అనలేదు, ఆయన ఒక్క ముక్క పడేస్తే మిగతా కథంతా నేనే అల్లాను, సున్నంతో సహా, మరి విజయవాడ డాక్టరు దగ్గర కూర్చున్నప్పుడో అన్నాను, డాక్టరు గారు బాగానే ఉందన్నారుగా ఇందిరా, అన్నారు, ఓదారుస్తున్నట్టుగా అన్నారు, భుజం మీద చెయ్యి వెయ్యబోయారు, నేను పక్కకి జరిగాను, ఆయనకి నిజంగానే అర్థం కావడం లేదు, కారు గురించి సిగ్గుపడుతున్నారు, నా గురించి కాదు, అంతవరకు రాని కోపం అప్పుడొచ్చింది, ఏడుపు మాత్రం రాలేదు.

లోపలికి వెళ్ళాను, దుర్గాశ్రీనివాస్ గారూ ఏది వేయిస్తే మంచిది అన్నాను, అతను గొంతు సవరించుకుని, పీపీఎఫ్ వద్దండీ, ఈ తలుపు మీద అతికిస్తే రేపు తీసేటప్పుడు పైరంగు కూడా ఊడి రావచ్చు, సిరామిక్ వేసుకోండి, కావాలంటే ముందు ఈ తలుపు, వెనక భాగం గీకేసి సరిగ్గా రంగు కలిపి వేయిస్తాను, తేడా తెలియకుండా చేస్తాను అన్నాడు, వద్దు, తలుపు అలాగే ఉండనివ్వండి, తేడా తెలియనివ్వండి, కారంతా సిరామిక్ వెయ్యండి, అన్నాను, అయితే మూడు రోజులు కారు ఇక్కడుండాలండీ, సోమవారం తెచ్చి ఇస్తారా, తెస్తాను, ఎవరు తెస్తారండీ, నేనే తెస్తాను, అతను తాళం చెవి తీశాడు, ఈయన గుమ్మంలో నిలబడి చెయ్యి చాపారు, అలవాటు, అతను ఒక్క క్షణం ఆగి నా చేతిలో పెట్టాడు, ఆదినారాయణ గారు స్కూటరు ఎప్పుడు స్టార్టు చేసి వెళ్ళిపోయారో చూడలేదు.

సీటు ముందుకి జరుపుకున్నాను, ఈయన కాళ్ళు పొడుగు, మూడు నెలలుగా సీటు ఆయన కొలతకి ఉంది, వెనక చూసుకునే అద్దం నా ఎత్తుకి దించుకున్నాను, ఈయన పక్కన కూర్చుని బెల్టు పెట్టుకున్నారు, నెమ్మదిగా వెళ్ళు అన్నారు, గేరు వేసి రోడ్డెక్కించాను, గుడ్లవల్లేరు దాటేదాకా చేతులు బిగుసుకునే ఉన్నాయి, కాలవ పక్కన రోడ్డు తిన్నగా పడ్డాక భుజాలు వదులయ్యాయి, ఆయన ఏదో మాట్లాడుతున్నారు, శ్రీలక్ష్మికి చెప్పకు, పిల్ల బాధపడుతుంది, అంటున్నారు, శ్రీలక్ష్మి రోజూ ఫోను చేసి అమ్మా మందులు గుర్తుపెట్టుకుని వేసుకుంటున్నావా అని అడుగుతోంది, మూడు నెలలుగా అడుగుతోంది, దానికి ఇవాళే చెబుతాను, ఇంటికి వెళ్ళి చీర కూడా మార్చుకోకుండా చెబుతాను, ఇంకా ఏమేం ఉన్నాయి ఇలాంటివి, ముప్ఫై మూడేళ్ళలో నేను మర్చిపోయానని ఆయన చెప్పగా ఒప్పుకున్నవి, నేను పోగొట్టానన్నవి, నేను అన్నానన్నవి, ఒక్కొక్కటీ తవ్వుకుంటూ కూర్చుంటే పెడన రాదు, పెడన ముందు మలుపు ఉంది, మలుపులో కాలవగట్టు తుప్పల పైనుంచి పసుపు రంగు లారీ కేబిను కదులుతోంది, మూడో గేరుకి దించాను, ఎడమ అంచుకి తీసుకున్నాను, ఇందిరా లారీ, లారీ, అని ఈయన డ్యాష్‌బోర్డు పట్టుకుని అరిచారు, లారీ పక్కనించి దాని దారిన అది వెళ్ళిపోయింది, మధ్యలో ఇంకో సైకిలు పట్టేంత జాగా ఉంది, చూశావా నేను చెప్పబట్టి సరిపోయింది అన్నారు ఆయన, ఆ మాటకి నాకు కోపం కూడా రాలేదు, ఎప్పుడూ ఆయనే ముందు అంటారు, అందుకని ఆయనే ముందు చూశారని ముప్ఫై మూడేళ్ళు అనుకున్నాను, ఆయన నోరు తెరిచేసరికే నేను గేరు మార్చేశాను, ఆ లారీని నేను ముందే చూశాను.